సీసపు ఏనుగు నుంచి పది రూపాయల బిళ్ళ దాకా

పల్నాడు మట్టిలో ఒక రోమన్ రాణి ముఖం దొరికింది. నాగార్జునకొండ లోయలో పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో బయటపడిన బంగారు నాణెం మీది ముఖం అది. ఆవిడ పేరు ఫౌస్టినా, ఆంటోనినస్ పయస్ చక్రవర్తి భార్య. క్రీ.శ. 140-141 ప్రాంతంలో ఆవిడ చనిపోతే, చక్రవర్తి ఆవిడను దేవతగా ప్రకటింపజేశాడు. రోమ్ నడిబొడ్డున గుడి కట్టించాడు. ఆవిడ బొమ్మతో బంగారు, వెండి, రాగి నాణేలు ఏళ్ల తరబడి వేయించాడు. ఇక్కడ దొరికిన నాణెం 141 నాటిదని గుర్తించారు. పోయిన మనిషిని జనమంతా తలుచుకోవాలని వేసిన స్మారక నాణెం సముద్రాలు దాటి, కృష్ణ ఒడ్డున ఇప్పటి మాచర్ల మండలంలోకి వచ్చి చేరిందన్నమాట.

అదే లోయలో ఇంకో రకం నాణేలూ దొరికాయి. వాటికి మెరుపు లేదు, లోహానికి విలువ లేదు. చిన్న చిన్న సీసపు బిళ్ళలు. ఒకవైపు తొండమెత్తిన ఏనుగు, రెండోవైపు అడ్డగీత, నిలువుగీత, నాలుగు కొసలకూ నాలుగు గుండ్రాలు ఉండే ఉజ్జయిని గుర్తు. చరిత్ర పుస్తకాలు బంగారు నాణెం దగ్గర ఎక్కువసేపు ఆగుతాయి. పల్నాడు కథ నిండుగా చెప్పేది మాత్రం ఈ సీసపు ఏనుగే అని నా నమ్మకం. ఎందుకంటే బంగారం రాణుల దగ్గరా, పెద్ద వర్తకుల దగ్గరా ఆగిపోతుంది. సీసం సంతకు వెళ్తుంది, ఆకులూ కూరలూ కొంటుంది, పది చేతులు మారుతుంది.

ఇప్పుడు ఈ ప్రస్తావన రావడానికి కారణం అమెరికా. 2026 జులై 4కి ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. ఆ సందర్భాన్ని పెద్ద పెద్ద వెండి పతకాల మీదే కాకుండా, జేబుల్లో తిరిగే చిల్లర మీదే గుర్తుచేయాలని వాళ్ళు తలపెట్టారు. 2021 జనవరిలో అమల్లోకి వచ్చిన చట్టం ఒకటి ఇందుకు దారి వేసింది. పావు డాలరు (క్వార్టర్) బిళ్ళకు ఏకంగా అయిదు కొత్త బొమ్మలు: మేఫ్లవర్ ఒడంబడిక, విప్లవ యుద్ధం, స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం, గెటిస్‌బర్గ్ ప్రసంగం. అయిదు సెంట్ల బిళ్ళ మీద జెఫర్సన్ అలాగే ఉంటాడు, పక్కన 1776 - 2026 అని రెండు సంవత్సరాలు పడతాయి. పది సెంట్ల డైమ్ మీద 1946 నుంచీ ఉన్న రూజ్‌వెల్ట్ ఆ ఏడాదికి పక్కకు తప్పుకుంటే, స్వేచ్ఛామూర్తి ముఖం వస్తుంది. ఒక్క సెంటు పెన్నీ కథ మాత్రం వేరు. 1793లో పుట్టిన ఆ బిళ్ళను చలామణీ కోసం వేయడం 2025 నవంబర్ 12న ఫిలడెల్ఫియా టంకశాలలో ఆపేశారు. ఒక్కో పెన్నీ తయారీకి మూడున్నర సెంట్ల పైనే ఖర్చవుతోందన్నది వాళ్ళ లెక్క. 250 ఏళ్ల గుర్తుగా పెన్నీ వేసినా అది సేకర్తల పెట్టెకే, కూరగాయల అంగడికి కాదు.

నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్లలో అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు కొదవ లేదు. సెలవులకు వచ్చిన పిల్లల జేబుల్లోంచి రాలిన క్వార్టర్లు, డైములు ఆ ఇళ్ల బీరువా సొరుగుల్లో ఉంటాయి. నేడో రేపో ఈ కొత్త బొమ్మల బిళ్ళలూ వాటిలో చేరతాయి. పల్నాటి పెద్దవాళ్ళు మనవళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని వాటిని తిప్పి చూసేటప్పుడు, చిల్లర మీద చరిత్ర చెక్కడం ఈ నేలకు కొత్త సంగతి కాదని పిల్లలకు చెప్పగలగాలి. ఈ కథనం రాయడంలో నా ఉద్దేశం అదే.

మాచర్ల దాటి విజయపురి సౌత్ దారి పట్టండి. కుడిచేతి వైపు, ఎడమచేతి వైపు నల్లమల కొండలు. వాటి మధ్య ఇప్పుడు కనిపించేదంతా నాగార్జునసాగర్ నీళ్లు. ఆ నీళ్ల అడుగున ఉన్నదే విజయపురి. శాతవాహనుల తర్వాత, మూడో శతాబ్దం మొదలుకుని ఇక్ష్వాకులు ఏలిన రాజధాని. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అని నాలుగు తరాల రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. 1926లో ఎ.ఆర్. సరస్వతి ఈ చోటును గుర్తించాక, 1927 నుంచి లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసేసరికి లోయ మునగడం ఖాయమైపోయింది. మునిగేలోగా ఎంత దక్కితే అంత అని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వారు. దక్కినవాటిలో కొన్ని కట్టడాలను కొండ మీదికీ, కొన్నింటిని ఒడ్డునున్న అనుపుకూ తరలించారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. ఇప్పుడు ఆ కొండ నీళ్ల నడుమ దీవి. విజయపురి సౌత్ రేవు నుంచి లాంచీలో వెళ్లాలి.

లాంచీ దిగిన జనం బుద్ధుడి విగ్రహం దగ్గర, పాలరాయిలా మెరిసే పల్నాటి సున్నపురాతి శిల్పాల దగ్గర నిలబడతారు. నిలబడదగ్గవే అవి. నాణేల దగ్గర మాత్రం ఆగేవాళ్ళు తక్కువ. సీసం నల్లబడి, అరిగి, గాజు వెనక గులకరాళ్ళలా కనిపిస్తుంది కాబట్టి కాలు సాగిపోతుంది. ఒక్క అయిదు నిమిషాలు ఆగండి.

సీసం ఎందుకు? మెత్తని లోహం, 327 డిగ్రీలకే కరుగుతుంది, మామూలు కట్టెల పొయ్యి చాలు. మట్టి అచ్చుంటే బిళ్ళ తయారు. పైగా ఈ నేలకు సీసం పరాయిది కాదు. వినుకొండ వైపు అగ్నిగుండాల, బండ్లమోటు కొండల్లో సీసం ఖనిజం ఉంది. మన కాలంలో హిందుస్థాన్ జింక్ సంస్థ బండ్లమోటులో గని నడిపింది కూడా.

లాంగ్‌హర్స్ట్ తన నివేదికలో రాసిన ఒక సంగతి నన్ను ఎప్పుడూ పట్టి ఆపుతుంది. ఒక విహారంలో, భిక్షువు ఉండే గదిలో, చిన్న సీసపు నాణేలు బోలెడు దొరికాయి. వాటితోపాటు ఒక సీసపు ముద్ద, నాణేలు చేసే మట్టి అచ్చు కూడా దొరికాయి. భిక్షువులు తమ నాణేలు తామే చేసుకునేవారని ఆయన అనుకున్నాడు. ధనం ముట్టకూడదన్న నియమం ఉన్నవాళ్ళ గదిలో టంకశాల! ఆ తర్వాత పండితులు దీని మీద చాలా వాదించుకున్నారు. నాకు అందులో తప్పు పట్టాల్సింది కనిపించదు. వందలమంది భిక్షువులు, యాత్రికులు, రాళ్లు మోసే కూలీలు, శిల్పులు ఉన్న చోట రోజూ చిల్లర కావాలి. బంగారు దీనారంతో ఎవరూ నూనె కొనలేరు.

విజయపురిలో చిల్లర లెక్క ఎంత బాగా నడిచిందో శాసనాలు చెబుతాయి. ఉజ్జయిని మహారాజు కూతురు, ఇక్ష్వాకుల ఇంటికి కోడలుగా వచ్చిన రుద్రధర భట్టారిక మహాచైత్యానికి ఒక స్తంభమూ, 170 దీనారి మాషకాలూ ఇచ్చింది. దీనారి అన్న మాట రోమన్ డెనారియస్ నుంచి వచ్చిందే. అంటే రోమ్ నాణెం లెక్క ఇక్కడి రాణి దానపత్రంలోకి ఎక్కింది. మరో శాసనంలో ఒక శ్రేష్ఠి గుడి పేరిట సొమ్మును వృత్తి సంఘాల దగ్గర అక్షయనీవిగా పెట్టాడు. అసలు ముట్టుకోకుండా వడ్డీతో గుడి నడవాలి. ఆ సంఘాల్లో ఆకుల వాళ్ళదీ, పిండివంటలు చేసేవాళ్ళదీ ఉన్నాయి. గుడి డబ్బును పిండివంటలు అమ్మేవాళ్ళ సంఘం చేతిలో నమ్మకంగా పెట్టారంటే, ఆ సంఘం గల్లాపెట్టెలోకి రోజూ సీసపు బిళ్ళలు ఎంతగా వచ్చి పడేవో ఊహించుకోవచ్చు.

ఆ బిళ్ళల మీద మరో విశేషం ఉంది. శాతవాహనులు నాణేల మీద ఏనుగు, సింహం, గుర్రం, చైత్యం, ఓడ వేసేవారు. ఉజ్జయిని గుర్తూ వాళ్ళదే. వాళ్ళు పోయి ఇక్ష్వాకులు వచ్చారు. రాజవంశం మారింది, రాజధాని మారింది. చిల్లర బిళ్ళ మీద ఏనుగు మాత్రం మారలేదు, వెనక గుర్తు మారలేదు. అంచు మీద అక్షరాల్లో రాజు పేరు మాత్రం మారింది. కొత్త రాజు తన ముఖం చెక్కించుకోవాలని ఆశపడలేదంటే అది వినయం ఒక్కటే కాదు, తెలివి కూడా. బంగారు నాణెం ఎక్కడికెళ్లినా తూకంతో చెల్లుతుంది. సీసపు బిళ్ళ చెల్లేది గుర్తుపట్టడంతోనే. చదువురాని మనిషి వేలితో తడిమి ఏనుగుందని తెలుసుకుంటేనే అది డబ్బు. ఆ ఏనుగు చెదిరితే అది వట్టి సీసం ముక్క.

విజయపురి ఒక్కటే కాదు. ఇదే జిల్లాలో ఉన్న అమరావతి, ధరణికోట పరిసరాలు శాతవాహన నాణేలకు పేరుపడ్డవి. ఇక్ష్వాకుల తర్వాత విజయపురి వెలుగు తగ్గింది, నాణేలూ అరుదయ్యాయి. ఆ మీదట ఈ నేల మీద ఎందరో ఏలారు. మాచర్ల, గురజాల పోరు, కారంపూడి యుద్ధం ఈ ప్రాంతపు గుండెల్లో నిలిచిపోయిన కథలు. అవి వేరే చెప్పాలి, ఇక్కడ కాదు.

కంపెనీ వాళ్ళ కాలానికి వస్తాను. కర్ణాటక నవాబు నుంచి 1801లో పల్నాడు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చి మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, 1807-08 ప్రాంతంలో, మద్రాసు టంకశాల వేసిన పావు వరహా వెండి నాణెం చూడాలి. ఒకవైపు గుడి గోపురం, చుట్టూ నక్షత్రాలు, ఇంగ్లీషు, పార్శీ అక్షరాలు. రెండోవైపు విష్ణువు, చుట్టూ తమిళం, తెలుగు అక్షరాలు! తెల్లదొరలు తమ బిళ్ళను జనం నమ్మాలని, జనం భాషను దాని మీద చెక్కారు. ఇప్పటి చిల్లర మీద మాత్రం తెలుగు అక్షరాలు కనిపించవు.

కానీ బిళ్ళ, అణా, బేడ, పావలాల లెక్క 1957 ఏప్రిల్ 1 దాకా నడిచింది. ఆ రోజు నయాపైసలు వచ్చాయి. రూపాయికి 64 పైసలు కాదు, 100 అని నేర్చుకోవడానికి సంతల్లో జనం ఎన్నాళ్లు తంటాలు పడ్డారో మన పెద్దలు కథలుగా చెప్పేవారు.

మన దేశం స్మారక నాణేలను చిల్లరలోకి తెచ్చింది 1964లో, నెహ్రూ మరణం తర్వాత. అర్ధ రూపాయి, రూపాయి బిళ్ళల మీద ఆయన ముఖం వేశారు. 1969లో గాంధీజీ శతజయంతికి 20 పైసల బిళ్ళ మీద కూడా ఆయన బొమ్మ వచ్చింది. ఆ తర్వాత 1970ల నుంచి ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ పిలుపుతో ఒక వరస నడిచింది. దాన్ని ఇప్పుడెవరూ తలుచుకోవడం లేదు కానీ, నా దృష్టిలో స్వతంత్ర భారతం చిల్లర మీద చేసిన అత్యుత్తమ ప్రయత్నం అదే. 1974లో 10 పైసల అల్యూమినియం బిళ్ళ మీద చిన్న కుటుంబం. 1979లో 5, 10 పైసల మీద అంతర్జాతీయ బాలల సంవత్సరం. 1980లో గ్రామీణ మహిళ. 1985లో 25 పైసల మీద అడవుల పెంపకం. 1994లో 2 రూపాయల మీద నీరే ప్రాణమన్న సందేశం. బెల్లం జీడి కొనుక్కునే పిల్లవాడి గుప్పిట్లో ఈ బొమ్మలు ఉండేవి. ఎవరూ వాటిని దాచుకోలేదు, ఖర్చుపెట్టారు. అందుకే అవి పని చేశాయి.

ఆ వరసలో 1988 రూపాయి బిళ్ళ ఒకటి ప్రత్యేకంగా పల్నాడుకు చెందుతుందని అనుకుంటాను. దాని మీద వర్షాధార వ్యవసాయం అన్న సందేశం ఉంది. 1967లో సాగర్ కుడి కాలువకు నీళ్లొదిలాక నరసరావుపేట, సత్తెనపల్లి వైపు పల్లెల రూపు మారింది. వరి వచ్చింది, మిరప వచ్చింది. నీళ్లివ్వడానికి విజయపురిని ముంచిన సాగరానికి ఆనుకునే ఉన్నా, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మెట్ట పొలాలు మాత్రం ఈ రోజుకీ ఆకాశం వైపే చూస్తున్నాయి. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. ఆ రూపాయి బిళ్ళ వెల్దుర్తి రైతు చేతిలోంచి వెళ్లే ఉంటుంది. దాని మీద అక్షరాలు హిందీలో, ఇంగ్లీషులో ఉన్నాయి. తన గురించే వేసిన బిళ్ళ అని ఆ రైతుకు ఎవరు చెప్పి ఉంటారు?

2011 జూన్ 30తో పావలా, అంతకు దిగువ నాణేలన్నీ చెల్లుబాటు కోల్పోయాయి. దాంతో ఆ చిన్న బొమ్మల లోకం ముగిసింది. అర్ధ రూపాయి చట్టం ప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది, అంగట్లో మాత్రం దాన్ని ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు.

పది రూపాయల బిళ్ళ దగ్గరకు వద్దాం. పల్నాడుకు ఈ విషయంలో ఒక బాధ ఉంది. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఊళ్లలాగే ఇక్కడా ఈ బిళ్ళను తీసుకోని రోజులు ఏళ్ల తరబడి నడిచాయి. "ఈ బిళ్ళ తీసుకోరండీ, నోటివ్వండి" అన్న మాట మాచర్ల బస్టాండులోనైనా, నరసరావుపేట రైతుబజారులోనైనా వినని వాళ్ళుండరు. రెండు లోహాల ఈ బిళ్ళ 2009లో చలామణీలోకి వచ్చింది. 2011లో దాని మీద కొత్త రూపాయి గుర్తు చేరింది. కొన్నింటి మీద 10 గీతలు, కొన్నింటి మీద 15 గీతలు. మధ్యలో స్మారక బిళ్ళలు: రిజర్వు బ్యాంకు 75 ఏళ్లు, హోమీ భాభా శతజయంతి, పార్లమెంటు 60 ఏళ్లు, కొబ్బరి నార బోర్డు, గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చి నూరేళ్లు, అంబేడ్కర్ 125వ జయంతి, యోగా దినోత్సవం. ఒకదానికొకటి పోలిక లేదు. గీతలు తక్కువున్నది దొంగ బిళ్ళ అని ఎవరో అన్నారు, ఫోన్లు ఆ మాటను ఊరూరా తిప్పాయి.

2018 జనవరి 17న రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది. 14 రకాల పది రూపాయల బిళ్ళలు వేశామనీ, అన్నీ చెల్లుతాయనీ చెప్పింది. సందేహమున్నవాళ్ళు వినడానికి 14440 నంబరు పెట్టింది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. నష్టం ఎవరిది? కాయగూరల తట్ట పెట్టుకున్న ముసలమ్మది. రోజు గడిచేసరికి ఆమె మూటలో నాలుగు పది రూపాయల బిళ్ళలుంటే, అవి ఎవరూ తీసుకోక ఆమె దగ్గరే మిగిలిపోయేవి. పెద్ద దుకాణాలకు బ్యాంకు ఖాతా ఉంది, వెళ్లి జమ చేసుకుంటారు. ఆమెకు ఆ దారి లేదు.

నేను నిందించేది కొత్త బొమ్మలను కాదు. అంబేడ్కర్ ముఖం ఉన్న బిళ్ళ ప్రతి పేదవాడి చేతికీ వెళ్లడం మంచిదే, అంతకన్నా తగిన చోటు ఆయనకు లేదు. తప్పు ఎక్కడుందంటే, బొమ్మ మార్చిన సంగతి ఆ బిళ్ళ వాడే మనిషికి ముందుగా, ఆయన భాషలో చెప్పకపోవడంలో ఉంది. ఇక్ష్వాకులకు అర్థమైన సంగతి ఇదే: చిల్లర బిళ్ళకు గుర్తుపట్టడమే ప్రాణం. 2018లో సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ప్రకారం పది రూపాయల బిళ్ళ తయారీకి అయ్యేది 5 రూపాయల 54 పైసలు. మిగిలినదంతా నమ్మకమే.

అమెరికా వాళ్ళ పద్ధతిలో నేర్చుకోదగ్గది ఒకటుంది. పండగ బొమ్మలు ఏ ఏడాది వస్తాయో అయిదేళ్ల ముందే చట్టంలో రాసుకున్నారు. 1776 - 1976 అని రెండు సంవత్సరాలు వేసిన 200 ఏళ్ల పండగ నాణేలు వాళ్ళ ముసలివాళ్ళకు ఇప్పటికీ గుర్తు. 1999 నుంచి 2008 దాకా 50 రాష్ట్రాలకు ఒక్కో క్వార్టరు వేశారు. బళ్ళో పిల్లలు అట్టల మీద వాటిని గుచ్చి రాష్ట్రాల పేర్లు నేర్చుకున్నారు. బొమ్మ మారినా పరిమాణం, బరువు, అంచు గీతలు మారవు. జేబులో చేయి పెడితే క్వార్టరు క్వార్టరే.

మన దేశమూ ఈ మధ్య ఈ దిశగా కొన్ని మంచి అడుగులు వేసింది. 2019 మార్చి 7న ప్రధాని విడుదల చేసిన కొత్త వరస నాణేలు చూపులేనివాళ్ళకు తేలిగ్గా తెలిసేలా తయారయ్యాయి. విలువ పెరిగేకొద్దీ పరిమాణం, బరువు పెరుగుతాయి. 20 రూపాయల బిళ్ళకు 12 అంచులు. బొమ్మ ధాన్యపు కంకులు. 2022 జూన్ 6న ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ గుర్తుతో 1, 2, 5, 10, 20 రూపాయల బిళ్ళలు వచ్చాయి. అవి పెట్టెలో దాచుకోవడానికి కాకుండా చలామణీలో తిరగడానికి వేసినవి. ఇప్పుడు మీ జేబులో ఒకటి ఉన్నా ఉండొచ్చు. తేదీ కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో తయారైనది. మొదట 1903లో సైఫాబాద్‌లో ఆ టంకశాల పెట్టారు, 1997 నుంచి చర్లపల్లిలో నడుస్తోంది.

ఆ టంకశాల నుంచే 2023లో ఎన్టీఆర్ శతజయంతి 100 రూపాయల నాణెం వచ్చింది. ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు. 44 మిల్లీమీటర్ల బిళ్ళ, సగం వెండి. 1966లో 'పల్నాటి యుద్ధం' సినిమాలో బ్రహ్మనాయుడిగా నిలబడ్డ నటుడికి దేశం ఇచ్చిన గౌరవం పల్నాడుకు సంతోషమే. అయితే అది అంగట్లో తిరిగే నాణెం కాదు. విడుదలైనప్పుడు దాని ధర నాలుగు వేల పైచిలుకు. ఆయన సినిమాకు నేల టికెట్టు కొన్న మాచర్ల కూలీ ఆ నాణేన్ని చేత్తో పట్టుకోలేదు. ఎన్టీఆర్ బొమ్మ రెండు రూపాయల బిళ్ళ మీదో, అయిదు రూపాయల బిళ్ళ మీదో వచ్చి ఉంటే ఆ మనిషి జేబులోకి వెళ్లేది. స్మారకం అంటే నాకు తెలిసిన అర్థం అది.

చిల్లర రోజులు అయిపోయాయి, అంతా ఫోన్లతోనే చెల్లిస్తున్నారు కదా అనొచ్చు. టీ బడ్డీ దగ్గర కూడా స్కానర్ అంటించి ఉన్న మాట నిజం. అయినా పల్నాడులో బిళ్ళ అవసరం పోలేదు. నూట పదహార్లు చదివించాలంటే రూపాయి బిళ్ళ కావాలి. తాంబూలంలో బిళ్ళ పెట్టాలి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలు కదిలే రాత్రి, త్రికోటేశ్వరుడి హుండీలో, బొరుగుల అంగడిలో, రంగులరాట్నం దగ్గర బిళ్ళలే మోగుతాయి. పొలం కూలీకి సాయంత్రం చిల్లర లెక్క ఇవ్వాలి. సిగ్నలు అందని నల్లమల అంచు తండాల్లో డబ్బంటే ఇప్పటికీ చేతిలో ఉన్నదే.

అందుకే కొన్ని మాటలు అడగాలి. బొమ్మలు నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వం. తొండమెత్తిన విజయపురి ఏనుగును రెండు రూపాయల బిళ్ళ మీదికి తేవాలని మన ఎంపీలు అడగవచ్చు. నీళ్ల కింద పోయిన రాజధానికి అంతకన్నా తగిన స్మారకం ఉండదు. కొత్త బిళ్ళ వచ్చినప్పుడల్లా దాని రెండు ముఖాలూ అచ్చువేసిన తెలుగు కాగితం ఒకటి బ్యాంకులు, బస్టాండులు, సంతలు, తిరునాళ్ల గేట్ల దగ్గర అంటించాలి. ఆ పని రిజర్వు బ్యాంకుది, దాని తరఫున జిల్లాలోని బ్యాంకులది. నాగార్జునకొండ మ్యూజియంలో సీసపు నాణేల పక్కన భూతద్దం ఒకటి, తెలుగులో నాలుగు వాక్యాలు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పాఠకులకు రెండు మాటలు. పది రూపాయల బిళ్ళ ఏ బొమ్మదైనా తీసుకోండి, ఇవ్వండి. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయీ, ఆపై విలువైన బిళ్ళలు వెయ్యి రూపాయల దాకా ఏ చెల్లింపుకైనా చెల్లుతాయి. అలాగే, దుక్కిలోనో, పునాది తవ్వకంలోనో పాత నాణేలు బయటపడితే కంసాలి దగ్గరకు తీసుకెళ్లి కరిగించకండి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. 10 రూపాయలకు మించిన విలువున్న నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలని ఆ చట్టంలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పటి నుంచీ ఆ కలెక్టరు కార్యాలయం నరసరావుపేటలోనే ఉంది.